అలుకు, అళుక్కు

ఎముకలంటే అందరికీ ఇష్టం. మ్యూజియం చూడ్డానికి వచ్చిన పిల్లలు ఎముకలు లెక్కపెడతారు. పెద్దవాళ్ళు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. మ్యూజియం కట్టించిన పెద్దమనిషి అతిథుల భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చి ఎముకలే చూపిస్తాడు. దీని తోలు ఏమైందని ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు. కోట్ల ఏళ్ళ కిందటి జంతువుకు తోలెందుకు మిగులుతుంది, ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటుంది అని అందరికీ ముందే తెలుసు. అన్నీ ముందే తెలిసినవాళ్ళ మధ్య ఉద్యోగం చేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

నా ఉద్యోగం రాతిలో ఇరుక్కున్న జంతువును బయటికి తీయడం. సూదులు, మెత్తని కుంచెలు, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి సన్నని కొక్కేలు, పైన ఒక భూతద్దం. పొద్దుటినుంచీ వంగి కూర్చుంటే సాయంత్రానికి గోరంత ఎముక బయటపడుతుంది. కోయంబత్తూరులో ఒక మిల్లు యజమాని ట్రస్టు పెట్టి కట్టించిన మ్యూజియంలో చేరాను. ఆయనను మిల్లులోనూ బయటా అందరూ ముదలాళి అంటారు, అంటే యజమాని అని. ఆయనా తెలుగువాడే, నేనూ తెలుగుదాన్నే. వందల ఏళ్ళ కిందట మనమంతా ఒకే దిక్కునుంచి ఇటు వచ్చినవాళ్ళమని ఆయన ప్రతి సభలోనూ చెబుతాడు. వచ్చినప్పుడు బండి మీద ఎవరు కూర్చున్నారో, బండి వెనక ఎవరు నడిచారో మాత్రం చెప్పడు.

సూలూరు దగ్గర వాళ్ళ పాత ఇల్లు ఉంది. మా అమ్మ ఆ ఇంటి వాకిలి ఊడ్చి, కళ్ళం అలికి, గొడ్లకొట్టం కడిగి నన్ను చదివించింది. చదువంటే బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు మా వీధిలో నోటికే గాని చేతికి రాలేదు. ఈ అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను, రాళ్ళ కోసం గోదావరి వైపు తిరిగిన రోజుల్లో బస్సు బోర్డులు చదువుకుంటూ. ముదలాళికి ఇవి ఇప్పటికీ రావు. ఆయన మా తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్షుడు.

ఆ గోదావరి ప్రయాణాల్లోనే ఒక సున్నపురాయి పలక దొరికింది. పలక అంచున బల్లి తోకలాంటిది కొద్దిగా కనిపించింది. తెచ్చి బల్ల మీద పెట్టుకుని నెలల తరబడి తవ్వాను. మూరెడు పొడుగు కూడా లేని పాకే జంతువు. పక్కకు పడుకున్నట్టుగా ఉంది, తల కొద్దిగా వెనక్కి వాలి. ఎముకలు చక్కగానే ఉన్నాయి గాని అలాంటి ఎముకలు ఇంతకుముందూ దొరికాయి. నేను ఆగింది ఎముకల దగ్గర కాదు. వాటి చుట్టూ రాయి రంగు మారింది. లేత పసుపు రాతి మీద, ఎముకలనుంచి వేలెడంత దూరం వరకూ, బూడిద నలుపు పొర ఒకటి పరుచుకుని ఉంది.

చచ్చిన బల్లిని చీమలు ఏం చేస్తాయో అందరం చూసే ఉంటాం. మెత్తనిదంతా ముందు పోతుంది. గట్టిది మిగులుతుంది. ఎక్కడో ఎప్పుడో జంతువు కదలని నీటిలో పడి, అడుగున గాలి చొరని బురదలోకి దిగి, దాని మీద కంటికి కనపడని క్రిములు జిగురులాంటి దుప్పటి కప్పితే, కుళ్ళే లోపల తోలు మెల్లగా ఖనిజంగా మారిపోతుంది. కుళ్ళడానికీ రాయి కావడానికీ మధ్య పందెం అది. ఎప్పుడూ కుళ్ళే గెలుస్తుంది. గెలవని చోట మిగిలేది కాగితం కన్నా పలచన. ఆ పొరలో పొలుసులుంటాయి, రంగు గింజలుంటాయి, ఒక్కోసారి కడుపు ఎంత లావుగా ఉండేదో కూడా తెలుస్తుంది. ఎముకలు జంతువు ఏ జాతిదో చెబుతాయి. అది ఎలా ఉండేదో తోలే చెబుతుంది.

వెనకటి రోజుల్లో పెద్ద పెద్ద దేశాల మ్యూజియాల్లోనే ఇలాంటి పొరలను మురికి అనుకుని గీకి పారేశారు. ఎముకలు తెల్లగా కనిపించాలని. ఆ సంగతి చదివినప్పుడు వాళ్ళను తిట్టుకున్నాను, ఎంత గుడ్డివాళ్ళో అని. కళ్ళున్నవాళ్ళ మధ్య పనిచేస్తున్నానని నా ధీమా.

దొంగ నోట్లు పట్టుకునే నీలం టార్చి ఒకటి బజారులో కొనుక్కొచ్చి, తలుపులు మూసి, పలక మీద వేశాను. పొర వెలిగింది. గొంతు కింద వేలాడే తిత్తి, వీపు మీదనుంచి తోక దాకా రంపపు పళ్ళలాంటి అంచు. ఎముకల్లో వీటి జాడే లేదు. అలాంటి జంతువుకు అలాంటి అంచు ఉంటుందని ఎవరూ రాయలేదు. టార్చి ఆర్పి, మళ్ళీ వేసి చూసుకున్నాను.

ఉత్తరాది పరిశోధన సంస్థ ఒకదానిలో ఉన్న ప్రొఫెసరుకు ఫోన్లో తీసిన ఫోటోలు పంపాను. వచ్చి చూస్తానన్నాడు. అది నిజంగా తోలే అయితే నన్ను పరిశోధక విద్యార్థిగా తీసుకుంటానన్నాడు. ఈ వయసులో డాక్టరేటు. వాకిలి అలికిన దాని కూతురు పేరు ఒక జంతువు పక్కన ఎప్పటికీ ఉండిపోవడం. నాకు కావలసింది అది. ఇంత కావాలనుకున్నానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆ పొరను నేను మనసులో అలుకు అనుకునేదాన్ని. దాని అంచు చూస్తే అదే గుర్తొచ్చేది. మా అమ్మ పేడనీళ్ళలో ముంచిన గుడ్డతో వాకిలి అలుకుతుంటే, చెయ్యి తిరిగిన చోట వంపు తిరిగి ఒక గీత పడేది. గీతకు ఇవతల అలుకు, అవతల ఉత్త మట్టి. అచ్చంగా ఆ గీతే పలక మీద ఉంది. పైగా చిన్నప్పుడు అలుకు అన్న మాట వినిపిస్తే మా కాళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. తడి ఆరేదాకా తొక్కకూడదు. తొక్కితే అమ్మ వీపు చీరేసేది. "అలుకే, అలుకు!" అని ఆమె అరిస్తే పిల్లలమే కాదు, కోళ్ళు కూడా గోడవారగా పోయేవి.

ముదలాళికి సంగతి చెప్పాలి కదా. మొదటిసారి "సాఫ్ట్ టిష్యూ అయ్యా" అన్నాను. ఆయన ఫోనులోంచి తలెత్తి, "ఏంది కణ్ణు, టిష్యూ పేపరా?" అన్నాడు. కణ్ణు అంటే మా కోయంబత్తూరులో ముద్దు పిలుపు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంగ్లీషులోనే ఇంకాస్త వివరించబోతే చెయ్యెత్తి ఆపాడు.

"మనం ఇద్దరూ తెలుగోళ్ళం గదా. మన భాషలో చెప్పు. మనమే మాట్లాడకపోతే అది అళింజి పోదా?"

అళింజి పోవడమంటే తమిళంలో నశించిపోవడం. భాష గురించి బెంగపడే వాక్యంలోనే ఆయనకు ఆ ఒక్క మాట తెలుగులో దొరకలేదు. నేనూ అలాగే మాట్లాడతాను, తప్పనడం లేదు. నేను సంఘానికి అధ్యక్షురాలిని కాదు, అంతే. సరేనని తెలుగులో, తోలు మిగిలింది అయ్యా, ఇది చాలా పెద్ద విషయం అని చెప్పాను. "సరింగ, సరింగ" అన్నాడు, సరేనండీ అని. ఆ లోపల ఇంకో ఫోను వచ్చింది. నా మాట ఆయన ఒక చెవిలోంచి లోపలికైతే పోయింది, ఎక్కడ ఆగిందో తెలియదు.

మ్యూజియంలో కొత్త హాలు తెరవాల్సిన రోజులవి. ఆ సమయంలోనే కంబం లోయనుంచి అక్క ఫోను చేసింది. మా బావ అక్కడ ద్రాక్షతోటల్లో పందిళ్ళ పని చేస్తాడు. అమ్మ కొన్నేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉంటోంది. తోటలో నీళ్ళు కట్టిన చోట జారిపడి తుంటి విరిగిందట. ఆ పూటే బయలుదేరాను. వెళ్ళేముందు పలక మీద మెత్తని గుడ్డ కప్పి, ముట్టుకోవద్దని తమిళంలో పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను. చీటీ ఎవరిని ఆపుతుంది? కూలివాణ్ణి ఆపుతుంది. యజమానిని ఆపుతుందా?

నేను లేని రోజుల్లో ప్రారంభోత్సవం ముందుకు జరిగింది. మేలూరునుంచి గ్రానైటు దిమ్మె వచ్చింది, పలకను దాని మీద నిలబెట్టడానికి. దిమ్మెతో పాటు దాన్ని పాలిష్ పట్టే మనిషీ వచ్చాడు. ముదలాళి గుడ్డ తీయించి చూశాడు. చూసి నాకు వాట్సాప్‌లో మెసేజి పెట్టాడు. మా ఇద్దరికీ మెసేజిలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే. ఆయనకు వేరే దారి లేదు, నేను ఆయన కోసం.

"ఎముకల చుట్టూ నల్లగా ఏందో ఉండాది. అది ఏంది కణ్ణు?" అని అడిగాడు.

నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను. లోపల అమ్మను ఎక్స్‌రే బల్ల మీదకు ఎక్కిస్తుంటే ఆమె కేకలు బయటికి వినిపిస్తున్నాయి. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. ఇంగ్లీషు మాట రాస్తే మళ్ళీ టిష్యూ పేపరంటాడు. మన భాషలో చెప్పమన్నాడు కదా. చెప్పాను.

"అది అలుకు అయ్యా. చూసుకోండి. నేను వచ్చేస్తా."

అలుకు. ఎ, ఎల్, యు, కె, యు. నా దృష్టిలో అంతకన్నా స్పష్టమైన మాట లేదు. పరుచుకున్నదని ఆ మాటే చెబుతుంది, పలచనిదని ఆ మాటే చెబుతుంది, కాలు పెట్టొద్దని కూడా ఆ మాటే చెబుతుంది. "సరింగ కణ్ణు" అని జవాబొచ్చింది. పక్కన బొటనవేలి బొమ్మ కూడా. నేను ఫోను సంచిలో వేసుకుని అమ్మ దగ్గరకు పోయాను.

తమిళంలో అళుక్కు అని ఒక మాట ఉంది. అంటే మురికి. ఇంగ్లీషు అక్షరాల్లో ళ కూడా ఎల్లే అవుతుంది, దాన్ని కొందరు రెండు కె లతో రాస్తారు, కొందరు ఒక్క కె తో సరిపెడతారు. ఇంకేం చెప్పాలి?

అమ్మకు ఆపరేషను అయ్యి, మంచం మీద లేచి కూర్చున్నాక తిరిగొచ్చాను. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మ్యూజియానికి వెళ్ళాను. హాలు తలుపు తోయగానే వార్నిషు వాసన కొట్టింది. పలక నల్ల గ్రానైటు దిమ్మె మీద నిలబడి ఉంది. పైన లైటు. ఎముకలు తెల్లగా మెరిసిపోతున్నాయి. వాటి చుట్టూ లేత పసుపు రాయి, నున్నగా, ఒక్క మరక లేకుండా. గొంతు కింద తిత్తి లేదు. వీపు మీద అంచు లేదు. జంతువు పోయి ఎముకలగూడు మిగిలింది.

నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది. పాలిష్ మనిషి దిమ్మె అడుగున సిమెంటు గీకుతూ కూర్చుని ఉన్నాడు. ఏం చేశావని అడిగాను. వాటర్ పేపరుతో, ఆ నల్ల గరుకు కాగితంతో, తడిపి తడిపి చేత్తోనే రుద్దాను అక్కా, మిషను పెట్టలేదు, ఎముకకు దెబ్బ తగలకూడదని అన్నాడు తమిళంలో. ఎంత జాగ్రత్తో చూడండి. ఆ నలుపు గీకబోయేముందు తనకూ అనుమానం వచ్చిందట, అడిగితే ముదలాళి ఫోను తీసి మెసేజి చూపించాడట. తర్వాత తోక చివర చూపించాడు. పలకను దిమ్మెకు బిగించేటప్పుడు క్లాంపు పట్టిన చోట, రబ్బరు కింద, పేపరు పోలేదు. అక్కడ చిటికెనవేలి గోరంత నలుపు మిగిలిపోయింది. "అదొక్కటే దిగలేదక్కా. రేపు క్లాంపు విప్పి తీసేస్తాను" అన్నాడు, మాట రాకూడదని.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, బిత్తరపోయి చూశాడు. దాని జోలికి పోవద్దని చెప్పి వదిలేశాను. అతని మీద నాకు కోపం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. అలా చేసి బతికే ఇళ్ళలోంచే నేనూ వచ్చాను.

కాసేపటికి ముదలాళి వచ్చాడు. చేతులు వెనక కట్టుకుని, మొహం నిండా నవ్వుతో.

"ఎట్లుండాది కణ్ణు? జిగజిగ అని ఉండాది గదా?"

"చుట్టూ ఉండిన నలుపు ఏమాయె అయ్యా?"

"సుత్తం చేయించేసినాను. నువ్వు దా చెప్పినావే." సుత్తమంటే శుభ్రం, నువ్వు దా అంటే నువ్వే.

"నేనా?"

ఆయన ఫోను తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, నా మెసేజి నాకే చూపించాడు. "ఇదో. అళుక్కు అని నువ్వే రాసినావు. చూసుకోండి అన్నావు. చూసుకున్నాను."

"అళుక్కు కాదయ్యా. అలుకు. వాకిట్లో పేడనీళ్ళతో అలికేది. ఆ అలుకు."

ఆయన నేల అలికినట్టు గాల్లో చెయ్యి తిప్పాడు. "మెళుగేదా?"

"ఆ."

"దాన్ని మనం మెళుగేది అని దా అంటాం కణ్ణు."

"మీ ఇంట్లో అంటారయ్యా. అలికేదాని ఇంట్లో అలుకు అనే అంటాం."

ఆయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. భుజం తట్టి, "పోనీ విడు. బొక్కలు దా ముఖ్యం. అవి బాగుండాయి గదా" అని వెళ్ళిపోయాడు. ఆయనకు నిజంగానే నష్టమేమీ జరగలేదు. ఆయనకు కావలసిన ఎముకలు ఆయనకు దక్కాయి, ముందుకన్నా తెల్లగా.

ఒక కె ఎక్కువ తక్కువల గురించి నాకు హితవు చెప్పినవాళ్ళున్నారు. వాయిస్ మెసేజి పెట్టాల్సింది అన్నారు, ఫోను చేయాల్సింది అన్నారు. తెలుగు సంఘం అధ్యక్షుడికి తెలుగులో రాయడం నా తప్పని ఎవరూ నాచేత ఒప్పించలేరు. ఆ తప్పు నాది కాదు, నేను మోయను. నాకు అర్థమైందల్లా ఒకటి. వంగి పని చేసినవాళ్ళ దగ్గర ఆ పని మాట ఉండిపోయింది. చేయించుకున్నవాళ్ళకు దాని అవసరం రాలేదు, అందుకే ఎప్పుడో జారవిడుచుకున్నారు. జారవిడిచినట్టు కూడా వాళ్ళకు తెలియదు. తెలియనిదాన్ని కాపాడడానికి సంఘం పెట్టుకున్నారు.

ప్రొఫెసరు అనుకున్న ప్రకారమే వచ్చాడు. పలక చూశాడు, నా ఫోటోలు చూశాడు. మంచివాడు, నా మొహం చూసి నెమ్మదిగా మాట్లాడాడు. ఫోటోలో మరక కూడా ఇలాగే కనిపిస్తుందమ్మా, నీలం వెలుతురులో జిగురు కూడా మెరుస్తుంది, పదార్థం లేకుండా ఎవరూ నమ్మరు అన్నాడు. తోక చివర గోరంత ఉంది కదా సార్ అన్నాను. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. దీని మీదకు కూడా వార్నిషు పాకింది, పరీక్షించాలంటే దీన్ని మొత్తం పొడి చేయాలి, పొడి చేశాక తేలకపోతే ఇదీ ఉండదు, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించి, వద్దన్నాను. ఇంకో నమూనా దొరికితే రాయమని చెప్పి భోజనం చేసి వెళ్ళిపోయాడు. అలాంటిది ఇంకోటి దొరకదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

డాక్టరేటు అలా పోయింది. చెప్పడానికి ఇంతే ఉంది.

ఆ ఏడు సంఘం వార్షికోత్సవానికి నన్నూ పిలిచారు. కల్యాణ మండపం, వరసగా కుర్చీలు, ప్లాస్టిక్ గ్లాసుల్లో కాఫీ. ముదలాళి మైకు ముందుకొచ్చి, మన భాష ఎంత గొప్పదో చెప్పడానికి ఒక తమాషా చెబుతానన్నాడు. చెప్పాడు. మ్యూజియంలో ఒక పాప, ఒక రాయి, ఒక మెసేజి. ఆమె అలుకు అని రాసింది, నేను అళుక్కు అనుకుని కడిగించేసినాను! మండపం గొల్లుమంది. నా ముందు వరసలో ఒకావిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "అలుకు! ఎంత అళగైన మాట! ఇట్లాంటి మాటలు దా మనం కాపాడుకోవాల" అన్నాడాయన. అందమైన అనడానికి కూడా ఆయనకు తమిళమే దొరికింది. చప్పట్లు. నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. చేతిలో కాఫీ గ్లాసు నలిగి చీర మీద ఒలికింది.

ఉద్యోగం మానేయలేదేమని అడుగుతారు కొందరు. మానేసి ఎక్కడికి పోను? ఈ పని తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమంది, ఈ పని ఇచ్చేవాళ్ళు ఎంతమంది? రోజూ ఆ హాల్లోంచే నా గదికి పోవాలి. పలకకు అద్దం బిగించమని అడిగాను. ఫోటోలో మెరుపు కొడుతుందని ముదలాళి వద్దన్నాడు. పొద్దున్నే ఊడ్చే ఆవిడకు తోక దగ్గర గుడ్డ పెట్టొద్దని నేనే చెప్పుకున్నాను. పలక పక్కన తమిళంలో, ఇంగ్లీషులో ఒక బోర్డు ఉంది. జంతువు పేరు, దొరికిన చోటు, కింద చిన్న అక్షరాల్లో, శుభ్రపరచినది అని నా పేరు. జంతువు పక్కన నా పేరు ఉండాలని కోరుకున్నాను కదా. ఉంది.

మొన్న అమ్మ వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తుందిప్పుడు. నా పని చూస్తానని ఎప్పటినుంచో అడుగుతోంది, సెలవు రోజున తీసుకెళ్ళాను. చెప్పులు బయట విప్పబోతే అక్కర్లేదన్నాను, అయినా విప్పింది. పలక ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"బల్లి గదా పాపా ఇది?"

"బల్లిలాంటిదే అమ్మా. చానా పాతది."

"ఎంత బాగా కడిగినారే. ఒక దుమ్ము లేదు, ఒక మరక లేదు." బోర్డు చూపించి ఏం రాసుందని అడిగింది. ఆమెకు ఏ అక్షరాలూ రావు. నా పేరు ఉందని చెప్పాను, దీన్ని శుభ్రం చేసింది నేనని రాసుందని. అమ్మ మొహం విప్పారింది. "నువ్వేనా! మీ ముదలాళి మంచోడు, పేరేసినాడు. ఆ ఇంట్లో నేను అంత కడిగితిని, నా పేరు ఏ గోడకు ఏసినారు?"

నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె సంతోషం చూసి మింగేశాను. అవునమ్మా అన్నాను.

అమ్మ వదల్లేదు. ఒక పని బాగుందో లేదో చూడాలంటే ఆమె మూలలు చూస్తుంది. వంగి, కర్ర మీద ఆనుకుని, తలనుంచి కాళ్ళ మీదుగా తోక దాకా చూసుకుంటూ పోయింది. చివర ఆగింది.

"ఇదో, ఈడ కొంచెం విడిచిపెట్టినావు."

చీర కొంగు వేలికి చుట్టుకుని, నాలుకతో తడి చేసుకుని, తోక చివరికి చెయ్యి చాపింది.

"అలుకమ్మా, అలుకు!" అన్నాను.

మా అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. కొంగు చుట్టిన వేలు అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఇంకా ఆరలేదా?" అంది.

"లేదమ్మా" అన్నాను.